పాలిమర్ క్లే బొమ్మ ఓవెన్‌లో పగులుతోందా? సమస్యలు - పరిష్కారాలు

దసరా ముందు కొలువు బొమ్మల పని మొదలయ్యేసరికి నాకు వచ్చే ఫోటోలు దాదాపు ఒకలాగే ఉంటాయి. వల విసిరే జాలరి పొట్ట మీద అడ్డంగా పగులు. సన్నాయి వాయించేవాడి ముఖం మాడి గోధుమరంగు. నాట్యం చేస్తున్న అమ్మాయి చీలమండ దగ్గర విరిగి రెండు ముక్కలు. కింద అందరిదీ ఒకటే ప్రశ్న: “అన్నా, ఏ కంపెనీ క్లే కొనమంటావు?”

కంపెనీ మారిస్తే పోయే జబ్బు వీటిలో ఒక్కటీ లేదు.

తీగతో చట్రం కట్టి, ఫాయిల్ చుట్టి, దానిమీద పాలిమర్ క్లే (ఓవెన్ వేడికి గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పెట్టి బేక్ చేసే జానెడు లోపు బొమ్మల గురించే ఇక్కడ చెబుతున్నాను. క్లే పిసకడం, చట్రం వంచడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. గాలికి ఆరే క్లే, కోల్డ్ పోర్స్‌లేన్ వేరే జాతి. అవి నీరు పోయి ముడుచుకుంటాయి, వాటి పగుళ్ల లెక్క వేరు. మీ ప్యాకెట్ మీద ‘ఎయిర్ డ్రై’ అని ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు.

అన్నిటికన్నా ముందు: లోపల వేడి ఎంత?

నేను మొదట అడిగేదీ, ఎక్కువమంది దగ్గర లేనిదీ ఒకటే, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్. “130 మీదే పెట్టాను” అంటారు. మీరు తిప్పింది నాబ్. ఇళ్లలో ఉండే చిన్న కరెంటు ఓవెన్లలో (ఓటీజీల్లో) నాబ్ మీది అంకెకీ లోపలి వేడికీ 20-30 డిగ్రీల తేడా ఉండటం మామూలే. రాడ్డు ఎర్రబడినప్పుడు వేడి ఎగురుతుంది, ఆరినప్పుడు దిగుతుంది. క్లే కంపెనీల్లో ఫిమో అడిగేది 110 డిగ్రీల సెంటీగ్రేడు, 30 నిమిషాలు. స్కల్పీ రకాలు చాలావరకు 130 డిగ్రీలు, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 15 నిమిషాలు అడుగుతాయి. రెండిటికీ మధ్య ఉన్నది 20 డిగ్రీలే. నాబ్ ఒక్కటే అంత తేడా చేసేస్తుంటే ప్యాకెట్ వెనక రాసింది చదివి ఏం లాభం?

థర్మామీటర్‌ని తలుపు దగ్గర పెట్టకండి. బొమ్మ నిలబడే చోట, బొమ్మ తల ఎత్తులో పెట్టి ఖాళీ ఓవెన్‌ని 20 నిమిషాలు నడపండి. నాబ్ ఎక్కడుంటే మీకు కావలసిన వేడి నిలుస్తోందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి. థర్మామీటర్ ఖర్చు అంటారా, పెద్ద క్లే దిమ్మ ఒకటి పాడైతే పోయే డబ్బు అంతకన్నా ఎక్కువ.

ముఖం మాడిందంటే తొంభై శాతం పై రాడ్డు పనే. చిన్న ఓవెన్‌లో నిలబెట్టిన బొమ్మకి తలే రాడ్డుకి దగ్గర. ట్రేని కింది గాడిలోకి దించండి, పై రాడ్డుకి విడిగా స్విచ్ ఉంటే ఆపేయండి, బొమ్మకి తగలకుండా ఫాయిల్‌తో గూడులా కప్పండి. మాడిన రంగు వెనక్కి రాదు, పైన పెయింట్ వేసుకోవడమే. ముక్కు మండే ఘాటు వాసన వస్తే మాత్రం బొమ్మ సంగతి వదిలేసి ఓవెన్ ఆపి కిటికీలు తీయండి. ఇందులో ఉన్నది పీవీసీ, అది మాడితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు. ఇక కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్ మాత్రమే వాడాలి. లోపల తీగ ఉన్న బొమ్మని మైక్రోవేవ్ మోడ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి.

పగులు ఎప్పుడు వచ్చింది?

ఎక్కడ వచ్చిందని అందరూ చెబుతారు, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడరు. ఓవెన్‌లో ఉండగానే వస్తే కారణం ఒకటి, బయటికి తీశాక వస్తే ఇంకొకటి, వారం తర్వాత వస్తే మరొకటి. తలుపు అద్దంలోంచి అప్పుడప్పుడు తొంగి చూస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

ఓవెన్‌లో ఉండగానే పొట్ట పగిలింది, లేదా వీపు ఉబ్బింది

గుర్తులు ఇవి. పగులు ఎప్పుడూ లోపల ఫాయిల్ లావుగా ఉన్నచోటే వస్తుంది: పొట్ట, వీపు, తల వెనక. దాని అంచులు బయటికి లేచి ఉంటాయి. కొన్నిసార్లు పగలదు, బొబ్బలా లేస్తుంది. చల్లారాక అది దిగిపోయి వెంట్రుకంత గీత మిగులుతుంది, మీరేమో అది చల్లారేటప్పుడు వచ్చిందనుకుంటారు.

అందరూ చెప్పే కారణం లోపల చిక్కుకున్న గాలి. అబద్ధమేం కాదు, కానీ గాలి ఒక్కటే ఇంత పని చేయదు. 30 డిగ్రీల గాలిని 130కి తీసుకెళ్తే మూడో వంతు పెరుగుతుంది, అంతే. ఫాయిల్‌ని గట్టిగా నొక్కి ఉంటే ఆ మాత్రాన్ని క్లే తట్టుకుంటుంది. నీటి లెక్క అలా కాదు. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. పూరీ పొంగేది కూడా ఈ ఆవిరితోనే. పూరీ సాగుతుంది కాబట్టి పొంగుతుంది, సగం గట్టిపడిన క్లే సాగదు కాబట్టి చీలుతుంది.

పాలిమర్ క్లేలో నీరే ఉండదు కదా, మరి ఎక్కడిదంటారా? మీరు చట్రానికి పూసిన ఫెవికాల్‌లోది.

తీగ మీద, ఫాయిల్ మీద క్లే జారకుండా తెల్ల జిగురు పూయడం మంచి పద్ధతే, మానమని చెప్పను. చిక్కు ఎక్కడంటే, అది నీళ్లు కలిసిన జిగురు. ఫాయిల్ మడతల్లోకి దిగినది పైపైన పొర కట్టి పారదర్శకంగా కనిపిస్తుంది, లోపల ఇంకా పాలలా తెల్లగానే ఉంటుంది. ఆరిందనుకుని దానిమీద మాస్కింగ్ టేపు చుడతారు, టేపు మీద క్లే పెడతారు. ఇక ఆ తడి బయటికి పోయే దారి ఓవెన్‌లో మాత్రమే దొరుకుతుంది, అదీ మీ జాలరి పొట్ట చీల్చుకుని.

విశాఖలో ఇది ఇంకా మోసం చేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో సముద్రపు గాలికి వానతడి తోడై బాల్కనీలో ఆరేసిన బట్టలే రెండు రోజులకి గానీ ఆరవు, ఫాయిల్ మడతలో జిగురు రాత్రికి రాత్రి ఆరుతుందా? దీనికి తోడు చట్రంలో పెట్టే వెదురు పుల్ల, ఐస్‌క్రీం పుల్ల, ఉండచుట్టిన న్యూస్‌పేపర్, నూలు దారం, మాస్కింగ్ టేపు కాగితం, అన్నీ గాలిలో తేమని పీల్చేవే. అందుకే సంక్రాంతి కొలువుకి చేసిన బొమ్మలు నిక్షేపంగా వస్తాయి, దసరా కొలువుకి చేసినవి పగులుతాయి. అవే చేతులు, అదే ఓవెన్. మారింది కొత్తగా తెచ్చిన ప్యాకెట్ ఒక్కటే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. పరీక్ష కోసం అదే క్లేతో చిన్న ఉండ చేసి బేక్ చేస్తే చక్కగా వస్తుంది, ఎందుకంటే దానిలో చట్రం లేదు. దాంతో ఇంకా గందరగోళం. ఈ వలయంలో ఇరుక్కుని మూడు కంపెనీలు మార్చినవాళ్లు నాకు తెలుసు.

తేల్చుకోవడానికి మార్గం ఉంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం మిషన్ తీసుకోండి, నగలు తూచే రకం. జిగురు, టేపు అన్నీ అయిన చట్రాన్ని క్లే పెట్టకముందు తూచండి. 110 డిగ్రీల దగ్గర అరగంట ఓవెన్‌లో ఉంచి, చల్లార్చి మళ్లీ తూచండి. బరువు తగ్గిందా? ఆ తగ్గినదంతా క్లే కింద చిక్కుకోబోయిన తడే. బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఇలాగే చేయండి.

తూకం లేకపోతే కొలవడం మానేయండి గానీ ఖాళీ చట్రాన్ని బేక్ చేయడం మాత్రం మానకండి. నేనైతే ఎండాకాలంలోనూ మానను. ఆ వేడికి జిగురుకి ఏమీ కాదు, కాస్త మెత్తబడి చల్లారాక మళ్లీ గట్టిపడుతుంది. చట్రం బయటికి తీశాక అదే రోజు క్లే పెట్టేయండి. కుదరకపోతే సిలికా జెల్ పొట్లం వేసిన జిప్ కవర్లో దాచండి. రాత్రంతా బల్ల మీద వదిలేస్తే మళ్లీ మొదటికే.

చట్రం కట్టేటప్పుడే కొంత జాగ్రత్త పడొచ్చు. జిగురు బ్రష్‌తో పల్చగా పూయండి, సీసా వంచి పోయకండి. ఫాయిల్‌ని పొరలు పొరలుగా చుట్టి సుత్తితో మెల్లగా కొట్టి గట్టిచేయండి. కాగితం, పుల్లలు అసలు వద్దు. రెండు కాళ్ల మధ్య నుంచో, పీఠం తగిలే అడుగు భాగం నుంచో ఫాయిల్ దాకా గుండుసూది కన్నం ఒకటి వదిలేయండి. ఏ కాస్త ఆవిరి మిగిలినా అటు పోతుంది. కొందరు పీఠం కోసం ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర ముక్క పెడతారు. తేలిక కర్ర, కన్నం వేయడం సుళువు, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ దాన్ని బేకింగ్ అయిపోయాకే తగిలించండి. కర్రలోనూ నీరుంటుంది.

ఇప్పటికే పగిలిన బొమ్మ చేతిలో ఉంటే పగులుని వెంటనే పూడ్చేయకండి. కప్పేసిన పగులు రెండో బేకింగ్‌లో సరిగ్గా అక్కడే నోరు తెరుస్తుంది. ముందు కనపడని చోట 1 మిల్లీమీటరు చేతి డ్రిల్‌తో ఫాయిల్ తగిలేదాకా కన్నం వేయండి. 110 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. పగులు ఇంకాస్త విచ్చుకోవచ్చు, కంగారు పడకండి. పూర్తిగా చల్లారాక లిక్విడ్ క్లే (జారుగా ఉండే పాలిమర్ క్లే) పగులులోకి దించి, పైన కొత్త క్లే నొక్కి, నున్నచేసి మళ్లీ బేక్ చేయండి. కన్నం మాత్రం తెరిచే ఉంచాలి. పెయింటింగ్ అంతా అయ్యాక కావాలంటే మూసుకోండి.

తడికి ఇంకో దారి కూడా ఉంది. వినాయక చవితికి మట్టి విగ్రహం చేసిన అలవాటుతో వేలు నీళ్లలో ముంచి క్లేని నున్నచేస్తారు. ఆ నీరు పొరల మధ్య చిక్కితే చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. ఈ క్లేకి నీళ్లు అక్కర్లేదు. వేలికి ఒక చుక్క బేబీ ఆయిల్ చాలు.

బయటికి తీశాక టిక్‌మని పగిలింది

ఇక్కడ గీత సన్నగా, తిన్నగా ఉంటుంది, అంచులు లేవవు. వేడి దిగేటప్పుడు క్లే లోపలి లోహం కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. లోపలిది కదలదు, పైది బిగుసుకుంటుంది, ఫ్యాన్ కింద పెడితే ఒక్కసారిగా చీలుతుంది. ఓవెన్ ఆపి, తలుపు తీయకుండా, గది వేడికి వచ్చేదాకా వదిలేయండి. ఏసీ గదిలో చూసుకుందామన్న ఆత్రం వద్దు.

వారం తర్వాత చీలమండ విరిగింది

విరిగిన చోట గోటితో గీకండి. పొడిపొడిగా రాలితే సరిగా ఉడకలేదన్నమాట. మళ్లీ మొదటి శీర్షిక, థర్మామీటర్. పాలిమర్ క్లేని ఎన్నిసార్లయినా బేక్ చేయొచ్చు కాబట్టి విరిగినది అతికించి మొత్తం బొమ్మని సరైన వేడిలో పూర్తి సమయం ఉంచండి. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే వంచి బలం చూడకండి, వేడిగా ఉన్నప్పుడు అది మెత్తగానే ఉంటుంది.

రాలకుండా శుభ్రంగా విరిగి, లోపల తీగ అటూ ఇటూ తిరుగుతుంటే తప్పు చట్రానిది. నున్నటి ఒంటి తీగని క్లే పట్టుకోదు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగని జంటగా మెలిపెట్టి, పాదం కిందకి అంగుళం పొడవు వదిలి, పీఠంలోకి దించండి. ఇనప బైండింగ్ వైరు విశాఖ పూర్ణా మార్కెట్‌లో చవగ్గా దొరుకుతుందని వాడతారు. ఈ ఉప్పుగాలికి అది తుప్పు పట్టి తెల్ల పాదం మీద గోధుమ మరక వేస్తుంది. జింకు పూత ఉన్నదైతే కొంత నయం.

చెయ్యి వాలిపోయింది, తల కుంగిపోయింది

గట్టిపడే ముందు వేడికి క్లే మెత్తబడుతుంది. తీగ సన్నగా ఉంటే చెయ్యి దాని బరువుకే వాలుతుంది. తీగ మందం పెంచండి, లేదా నలిపిన ఫాయిల్ ముద్దని ఆసరా పెట్టండి. తల కుంగితే లోపల థర్మోకోల్ ఉండ పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. ఈ వేడికి అది ముడుచుకుపోతుంది. కరెంటు వైరు వాడితే ప్లాస్టిక్ తొడుగు ఒలిచేయండి. ఇన్సులేషన్ టేపు జిగురు కూడా వేడికి కారుతుంది.

మిగతావి

క్లే పిసకగానే పొడిపొడిగా విడిపోతోందా? మే నెల ఎండలో కొరియర్ బండిలో సగం ఉడికి ఉంటుంది. బేబీ ఆయిల్ చుక్క కలిపి చూడండి, రాకపోతే తిరిగి పంపేయండి. పారదర్శక రకంలో లోపల నెలవంకల్లాంటి తెల్ల మచ్చలొస్తే ఎక్కువగా అది తేమే, బలానికి నష్టం లేదు. రెండు కంపెనీల క్లే కలిపితే పగులుతుందన్నది నేనైతే ఎప్పుడూ చూడలేదు, వేడి మాత్రం తక్కువ అడిగే దాని ప్రకారం పెట్టుకోండి. బొమ్మ నెలల తరబడి చేతికి జిగురుగా తగులుతుంటే మెరుపు కోసం నెయిల్ పాలిష్ పూసి ఉంటారు. అది ఈ క్లే మీద ఎప్పటికీ సరిగా ఆరదు. అసిటోన్ దూదితో తేలిగ్గా, క్లేని రుద్దేయకుండా తుడిచి, నీటితో పనిచేసే యాక్రిలిక్ వార్నిష్ వేయండి.