స్పైక్ పుట్టిందెప్పుడు? టీవీ వ్యాంపైర్ల మానవ గతాన్ని చరిత్రతో సరిచూసే పద్ధతి

స్పైక్ వయసెంత, డార్లా నిజంగా 1609లో వర్జీనియాలో ఉండగలదా, డ్రుసిల్లాది ఏ ఊరు? వీళ్ళంతా వ్యాంపైర్లు. వ్యాంపైర్లను వేటాడే బఫీ అనే అమ్మాయి కథ చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ ‘బఫీ ద వ్యాంపైర్ స్లేయర్’, అందులోని మరో వ్యాంపైర్ ఏంజెల్ పేరుతో వచ్చిన దాని పిల్ల సీరియల్ ‘ఏంజెల్’ అభిమానుల మధ్య ఈ వాదనలు ఏళ్ళ తరబడి తెగవు. తెగకపోవడానికి కారణం, రెండు ప్రశ్నలను కలిపి వాదించడమే. సీరియల్ ఏం చెప్పింది అన్నది ఒకటి. అది చరిత్రలో సాధ్యమా అన్నది మరొకటి. మొదటిది తేల్చకుండా రెండోదానికి దిగితే ఇద్దరూ వేరువేరు ఏంజెల్‌ల గురించి కొట్టుకుంటారు.

ముందు ఒక పట్టిక గీసుకోండి. ఎపిసోడ్ పేరు, మొదటిసారి ప్రసారమైన తేదీ, ఆ మాట ఎవరు అన్నారు, సరిగ్గా ఏమన్నారు, అది తెరమీద కనిపించిందా లేక నోటిమాటేనా. ఈ అయిదు గడులు చాలు. అభిమానులు నడిపే వికీలో ఉన్న పుట్టినతేదీని ఇందులోకి ఎక్కించకండి. అది అప్పటికే ఎవరో ఒక పక్షం తీసుకుని తేల్చిన లెక్క. అసలు సాక్ష్యం ఎపిసోడే.

స్పైక్ పేరుతో పట్టిక నింపితే మొదటి మూడు వరసల్లోనే తేడా బయటపడుతుంది. ‘స్కూల్ హార్డ్’ (1997 సెప్టెంబర్ 29)లో బఫీకి గురువైన జైల్స్ చెప్పేదాన్నిబట్టి అతనికి అటూఇటూగా రెండు వందల ఏళ్ళు, ఏంజెల్ కన్నా చిన్నవాడు. ‘ది ఇనిషియేటివ్’ (1999 నవంబర్ 16)లో స్పైకే తన వయసు 126 అంటాడు. ‘ఫూల్ ఫర్ లవ్’ (2000 నవంబర్ 14)లో లండన్, 1880 అని తెరమీద పడుతుంది. అప్పటికి అతను పెళ్ళీడు కుర్రాడు, చెత్త కవిత్వం రాసే విలియం. 1999లోంచి 126 తీస్తే 1873. అది పుట్టిన ఏడైతే 1880లో విలియంకు ఏడేళ్ళు. వ్యాంపైర్‌గా మారిన ఏడైతే మనం చూసిన ఫ్లాష్‌బ్యాక్ ఏడేళ్ళు ఆలస్యం. రెండు దారులూ మూసుకుపోయాయి కాబట్టి 126ను వదిలేయక తప్పదు. 1880కి ఇరవై అయిదు, ఇరవై ఏడు అనుకుంటే 1850ల తొలి సగంలో పుట్టాడన్నంత వరకే ధైర్యంగా చెప్పగలం.

ఏంజెల్ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మొదటి సీజన్లో, అంటే 1997లో, అతనికి 240 ఏళ్ళని చెప్పారు. ఆ ఏడాదే అక్టోబర్‌లో వచ్చిన ‘హాలోవీన్’ ఎపిసోడ్లో 1775 నాటికి అతను పద్దెనిమిదేళ్ళ మనిషి. 1997 నుంచి 240 తీస్తే 1757. దానికి 18 కలిపితే 1775. అంటే తొలి రచయితలు అంకెలు గాలికి వెయ్యలేదు, పుట్టుక నుంచే లెక్కేశారు. తర్వాత 1998 మేలో ‘బికమింగ్’ మొదటి భాగం ఐర్లండ్‌లోని గాల్వే, 1753 అని చూపించి, అదే ఏడాది డార్లా అతన్ని కొరికినట్టు తేల్చేసింది. 1727లో పుట్టాడన్న లెక్క దీనికి అనుబంధంగా స్థిరపడింది. కనుక ఇది పొరపాటు కాదు, కథ మార్చుకోవడం. ప్రసార తేదీల గడి లేకపోతే ఈ రెంటికీ తేడా పట్టుకోలేరు.

మాటలు ఢీకొన్నప్పుడు ఏది నెగ్గాలి? తెరమీద చూపించిన ఫ్లాష్‌బ్యాక్‌కు పెద్దపీట. దాని కింద ఆ సంఘటనలో స్వయంగా ఉన్నవాడి మాట. ఆ తర్వాత జైల్స్‌లాగా పుస్తకం చూసి చెప్పేవాడి మాట. కామిక్స్, ఇంటర్వ్యూలు అన్నిటికన్నా అడుగున. రెండో మెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త, ఎందుకంటే వ్యాంపైర్లు గొప్పలు పోతారు. ‘ఫూల్ ఫర్ లవ్’లో స్పైక్ తాను మొదటినుంచీ చెడ్డవాణ్ణేనని బఫీతో అంటాడు. మరుక్షణం కెమెరా 1880కి వెళ్ళి, ప్రాస కోసం తంటాలు పడుతున్న భయస్తుణ్ణి చూపిస్తుంది. రచయితలే చెబుతున్నారు, ఇతని నోటిమాట నమ్మకండని. ‘స్కూల్ హార్డ్’లో ఏంజెల్‌ను తన ‘సైర్’ (కొరికి వ్యాంపైర్‌గా మార్చినవాడు) అన్న మాటకూ ఇదే వైద్యం: స్పైక్‌ను కొరికింది డ్రుసిల్లా అని తర్వాత తెరమీదే చూశాం.

ఇక చరిత్ర. మన పౌరాణిక సినిమాల్లో సైనికుడి చేతికి గడియారం కనిపెట్టినట్టు, అందరూ మొదట దుస్తుల గుండీల మీద పడతారు. దానివల్ల పాత్ర గురించి తెలిసేది తక్కువ. ఊరు, బతుకుతెరువు, మతం, ఆస్తి, రోగం ఈ వరసలో వెళ్ళండి. దుస్తులు చివరికి.

ఊరు, బతుకుతెరువు కలిసి తన్నుకునే చోటు డ్రుసిల్లా. ‘బికమింగ్’లో లండన్, 1860 అని పడుతుంది. చర్చిలో పాపాలు ఒప్పుకునే గూట్లో కూర్చుని, తనకు ముందే కనిపించినట్టే గని కూలి ఇద్దరు చనిపోయారని ఆ పిల్ల ఏడుస్తుంది. లండన్‌లో గనులు లేవు. బొగ్గు గనులు డరమ్, యార్క్‌షైర్, వేల్స్ వైపు. ముందు రోజు పనికి వెళ్తున్నవాళ్ళను చూసి, మర్నాడు పొద్దుటికే చావు కబురు విన్న పిల్ల దూరపు గనుల గురించి మాట్లాడుతోందనడం కష్టం. దీన్ని నిలబెట్టే ఆధారం ఒకటి ఉంది: ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా మెట్రోపాలిటన్ రైల్వే కోసం రోడ్లు తవ్వడం మొదలైంది ఆ 1860లోనే, రైలు నడిచింది 1863 జనవరిలో. లండన్ పెద్ద మురుగు కాలువల తవ్వకాలూ అప్పుడే సాగుతున్నాయి. కూలీలు మట్టి కింద పడి చావడం ఆ ఊళ్ళో జరగగలిగిందే. అయినా ఆమె నోట వచ్చింది గని అన్న మాటే. కాబట్టి పట్టికలో ‘సీరియల్ చెప్పింది’ అన్న చోట గని, ‘మన సర్దుబాటు’ అన్న చోట రైల్వే తవ్వకం రాసుకోండి. సర్దుబాటును వాస్తవంగా అమ్మడం మొదలుపెట్టిన రోజున వాదన చెడుతుంది.

అదే సన్నివేశంలో మతం మాత్రం దెబ్బతినదు. ఇంగ్లండ్‌లో కాథలిక్కుల మీద ఆంక్షలు చాలావరకు తొలగింది 1829లో, బిషప్పుల వ్యవస్థ తిరిగి నిలబడింది 1850లో. పదేళ్ళ తర్వాత లండన్‌లో కాథలిక్ చర్చి, కన్యాస్త్రీ కావాలనుకునే అమ్మాయి సాధ్యమే. విక్టోరియా కాలమంతా ఒకటే అనుకునేవాళ్ళు జారిపడేది ఇక్కడే. 1820లోని జవాబు వేరు, 1860లోది వేరు.

డార్లా దగ్గర ఆస్తి ప్రశ్న గట్టిది. ‘ఏంజెల్’ సీరియల్ ఆమెను 1609 వర్జీనియాలో, సుఖవ్యాధితో మంచం పట్టిన వేశ్యగా, ఎంతో కొంత ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీగా చూపిస్తుంది. వర్జీనియాలో ఇంగ్లిష్‌వాళ్ళ వలస ఊరు జేమ్స్‌టౌన్ కోట కట్టింది 1607లో, మగవాళ్ళతో. మొదటి ఇంగ్లిష్ స్త్రీలు వచ్చింది 1608లో, ఇద్దరు. 1609లో మరికొందరు వచ్చినా, ఆ చలికాలమే ఆకలి చావుల కాలం; వసంతానికి బతికి బయటపడ్డవాళ్ళు అరవై మంది. భూమి ఆ వలసను నడిపే వర్జీనియా కంపెనీది; మనుషులకు సొంత భూమి ఇచ్చే ఏర్పాటు 1618 తర్వాతి సంగతి. ఇక్కడ ‘ఆస్తి అంటే నగలు, నగదు’ అని సర్దుకోవచ్చు గానీ, ఆ గుడిసెల కోటలో అంత సొగసైన పడకగది ఎలా వచ్చిందో సర్దుకోలేం. నలుగురిలో చరిత్ర దగ్గర ఘోరంగా ఓడిపోయేది డార్లాయే. వయసును నాలుగు శతాబ్దాలకు సాగదీయాలన్న సరదా ఆ ఏడాదిని ఎంచుకుంది.

తేదీలతో లెక్కలు వేసేటప్పుడు పంచాంగం మరవకండి. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ 1752 సెప్టెంబర్ 2 తర్వాత వచ్చింది 14. అంతకుముందు ఇంగ్లిష్ దస్తావేజుల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఏంజెల్ 1727 ఫిబ్రవరిలో పుట్టాడని ఎవరైనా కథ రాస్తే, నాటి రిజిస్టర్లో అది 1726గా కనిపించాలి. 1753 చావుకు ఈ చిక్కు లేదు. రికార్డుల్లో లియం (మనిషిగా ఉన్నప్పుడు ఏంజెల్ పేరు) లేడన్న వాదన కూడా తేవద్దు. 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడినప్పుడు వీలునామాలు, ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా బూడిదయ్యాయి.

రోగం విషయంలో, పాత్రకు ఆనాడు ఏం తెలిసి ఉండగలదో చూడండి. విలియం తల్లి ఆన్‌కు క్షయ. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోక్ క్షయ సూక్ష్మజీవిని ప్రకటించింది 1882 మార్చి 24న. 1880లో కొడుకు ఆమె పక్కనే చేరి కూర్చోవడం తప్పు కాదు, ఒప్పే. ఆమె పాడే ‘ఎర్లీ వన్ మార్నింగ్’ కూడా 1850ల సంకలనంలోనే అచ్చయి ఉంది, పరీక్ష నెగ్గింది. రైలు పట్టాల మేకులతో (స్పైక్‌లతో) జనాన్ని హింసించడం వల్లే స్పైక్‌కు ఆ పేరు వచ్చిందని సీరియల్ చెబుతుంది; ఆ పేరు మీద వచ్చే అభ్యంతరమూ నిలవదు. బ్రిటిష్ పట్టాలను పోత ఇనుప కుర్చీల్లో బిగించేవాళ్ళు, అమెరికా పద్ధతి వేరు, నిజమే. కానీ ఆ కుర్చీలను చెక్క దిమ్మెలకు బిగించడానికి కర్ర మేకులతో పాటు ఇనుప మేకులూ వాడేవాళ్ళు.

చివరిగా విలియంకు అంటగట్టిన ‘ప్రాట్’ అన్న ఇంటిపేరు. అది కామిక్స్ నుంచి వచ్చింది, టీవీ ఎపిసోడ్లలో లేదు. దాన్ని పట్టుకుని 1871 జనాభా లెక్కల్లో విలియం ప్రాట్‌ను గాలిస్తే ఆ పేరుగలవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు, ఒక్కడూ పనికిరాడు. ఆ లెక్కలను వేరే పనికి వాడండి. ఉద్యోగం లేని కవి, మంచి ఇల్లు, జబ్బు తల్లి, ఖర్చెలా గడుస్తోంది అన్న ప్రశ్నకు అందులో జవాబుంది. వృత్తి గడిలో వార్షిక భృతి మీద, వడ్డీ ఆదాయం మీద బతుకుతున్నట్టు రాయించుకున్న వితంతువులు లండన్ పేటల్లో వరసగా కనిపిస్తారు.