ముంపు సమస్యపై కాలనీలో కార్యశాల నిర్వహించే విధానం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. అటువంటి సమస్యపై స్థానికులతో కార్యశాల జరపదలచినవారు ముందుగా చర్చాంశాన్ని కుదించుకోవాలి. ‘వరదలను ఎలా ఆపాలి?’ అని అడిగితే చర్చ గట్ల మీదికీ, నీటి ప్రవాహాన్ని నియంత్రించే రెగ్యులేటర్ల మీదికీ పోయి, అధికారులను తిట్టుకోవడంతో ముగుస్తుంది. ‘నీళ్లు వచ్చిన మొదటి రాత్రి మన వీధిలో మంచం పట్టిన వృద్ధులను ఎవరు, ఏ దారిన, ఎక్కడికి చేర్చాలి?’ అని అడిగితే జవాబు చెప్పగలిగేది కాలనీవాసులే.

డ్వాక్రా సంఘాల మహిళలను, ఆటోడ్రైవర్లను, పారిశుద్ధ్య కార్మికులను, వార్డు సచివాలయ సిబ్బందిని, సాధారణంగా ఎవరూ పిలవని అద్దె ఇళ్లవారిని ఆహ్వానించాలి. కూలిపనికి వెళ్లేవారికి ఆదివారం సాయంత్రం అనుకూలం. వేదిక, శాలువాలు, మైకు అక్కరలేదు. మైకు ఉంటే ఉపన్యాసాలు తప్పవు.

ఆరుగురేసి చొప్పున నేల మీదే కూర్చోబెట్టి, ప్రతి జట్టుకూ వీధుల పటం గీసిన పెద్ద చార్టు, రంగు స్కెచ్ పెన్నులు ఇవ్వాలి. గోడల మీద మిగిలిన నీటి చారను బట్టి ఏ ఇంటి దగ్గర ఎంత లోతు నిలిచిందో, ఎవరి మేడ మీదికి జనం ఎక్కారో, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో వారిచేతనే గుర్తింపజేయాలి. పెన్ను ఒకరి చేతిలోనే ఉండిపోకుండా నిర్వాహకుడు చూసుకోవాలి. లెక్కల్లో తేడా వస్తే తీర్పు చెప్పకుండా రెండూ రాయించాలి.

చివరి అరగంటలో ప్రతి పనికీ బాధ్యుల పేరు, గడువు రాసి, ఒక ప్రతిని సచివాలయంలో అందజేసి రసీదు తీసుకోవాలి. తదుపరి సమావేశం వర్షాకాలానికి ముందే జరగాలి.