థ్రిల్లర్ ఓపెనింగ్‌ను చదవడం – 3వ పాఠం: బాంబు సంగతి ఎవరికి తెలుసు?

పోయిన పాఠంలో షాట్ లిస్టు, అంటే సీన్‌లో వచ్చే షాట్ల వరుస పట్టిక, రాశాం. ఈసారి దాని పక్కన ఇంకో రెండు గడులు గీయండి. ఒకదాని మీద ‘మనకు తెలిసింది’, రెండోదాని మీద ‘పాత్రకు తెలిసింది’ అని రాసుకోండి. ‘కెమెరా పనితనం అద్భుతం’ అని రాసిన స్టూడెంట్ రిపోర్టులు చాలా చదివాను. నిజంగా అద్భుతమే కావచ్చు. కానీ ఆ కెమెరా మనకేం చూపించింది, పాత్రకు తెలియకుండా ఏం దాచింది? రిపోర్టులో రాయాల్సింది అది.

ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) పెట్టుకోండి. మెక్సికో–అమెరికా సరిహద్దులో ఒక ఊరు, రాత్రి పూట. మొదటి షాట్ మూడు నిమిషాల పైనే సాగుతుంది, మధ్యలో ఒక్క కట్ లేదు.

ముందు సౌండ్ ఆపేసి చూడండి. క్లోజప్‌లో రెండు చేతులు టైమర్ తిప్పుతాయి. ఆ మనిషి పరుగున వెళ్లి ఒక కారు డిక్కీలో బాంబు పెట్టి మాయమవుతాడు. అంతలో ఒక జంట వచ్చి ఆ కారే ఎక్కుతుంది. ఇక్కడే మీ గడులు విడిపోతాయి: మనకు బాంబు తెలుసు, వాళ్లకు తెలియదు. కెమెరా ఇళ్ల కప్పుల మీదికి లేచి మళ్లీ వీధిలోకి దిగుతుంది. కారు ఒకచోట ఆగుతుంది, ఇంకోచోట మేకల మంద అడ్డొస్తుంది. నడిచి వెళ్తున్న హీరో, అతని భార్య ఒకసారి కారుకు ముందు, ఒకసారి పక్కన. కారు వాళ్ల దగ్గరికొచ్చిన ప్రతిసారీ పాజ్ చేసి టైమ్ రాసుకోండి. చెక్‌పోస్టు దగ్గర కారూ, వాళ్లూ పక్కపక్కనే ఆగుతారు. నాకు ఊపిరి బిగపట్టినట్టయ్యేది అక్కడే.

కట్ ఎందుకు లేదు? కట్ చేస్తే డైరెక్టర్ కొంత సమయం మింగేయవచ్చు. ఇక్కడ టైమర్‌లో ఎంత కాలం నడిస్తే మనమూ అంత కాలం కూర్చోవాల్సిందే. హీరో భార్యను ముద్దు పెట్టుకుంటుండగా పేలుడు వినిపిస్తుంది, అప్పుడు పడుతుంది మొదటి కట్, మండుతున్న కారు మీదికి.

ఇప్పుడు కళ్లు మూసుకుని వినండి. మొదట విడుదలైన ప్రింటులో ఈ షాట్ మీద టైటిల్స్, హెన్రీ మాన్సినీ సంగీతం ఉంటాయి. వెల్స్ స్టూడియోకు రాసిన 58 పేజీల మెమో ఆధారంగా 1998లో వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసినప్పుడు ఆ రెండూ తీసేశారు. వాటి బదులు బార్ల గుమ్మాల్లోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలు. కారు కంటికి కనబడకపోయినా రేడియో దగ్గరవుతోందంటే బాంబు దగ్గరవుతోందని చెవికి తెలిసిపోతుంది. నా ఓటు దీనికే. దొరికితే రెండూ చూసి తేడాను మీ మాటల్లో రాయండి.

వచ్చే పాఠం లోపు ఒక పని. మీ ప్రాజెక్టు స్క్రిప్టు మొదటి పేజీ తీసి ఇవే గడులు గీయండి. రెండింటిలో ఒకే సంగతి ఉంటే, ప్రేక్షకుడికి ముందే చూపించగల వస్తువు ఒక్కటి వెతకండి. బాంబే కానక్కర్లేదు, స్టవ్ మీద మరిచిపోయిన పాలగిన్నె అయినా చాలు. వచ్చేసారి ఆ పేజీతోనే మొదలుపెడదాం.