నికాన్ ఎఫ్ మీటర్ తప్పు చెబుతోందా? ముందు పైన ఏ ఫొటోమిక్ ఉందో చూడండి

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఫిల్మ్ కెమెరాకి పైన తొడిగే, ఫొటోమిక్ అనే మీటర్ ఫైండర్లు (కంటితో చూసే, వెలుతురు కూడా కొలిచే భాగాలు) నాలుగు రకాలు. 1962 నాటి మొదటి ఫొటోమిక్ లెన్స్ గుండా చూడదు, ముందు భాగంలో ఉన్న తన సొంత కన్నుతో వెలుతురు కొలుస్తుంది. 1965 నాటి టీ, 1967 నాటి టీఎన్, 1968 నాటి ఎఫ్‌టీఎన్ మాత్రం లెన్స్ గుండా వచ్చే వెలుతురునే కొలుస్తాయి. "మీటర్ పోయింది, విప్పి చూడండి" అని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో చాలామందికి తమ దగ్గర ఉన్నది ఏ రకమో తెలియదు. అది తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దండగ.

మీటర్ ముల్లు అసలు కదలదు

కొత్త బ్యాటరీలు వేశాక కూడా కదలకపోతే బ్యాటరీ గదిలోని రేకులు చూడండి. తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉంటుంది. దూదిపుల్లతో కాస్త వెనిగర్ రాసి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ వేయండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ముల్లు బాగానే కదులుతుంది, రోల్‌లో సగం ఫొటోలు పాడవుతాయి

నన్ను దెబ్బతీసింది ఇదే. మీటర్ బతికే ఉంటుంది, వెలుతురును బట్టి ముల్లు లేస్తుంది, దిగుతుంది, కాబట్టి అనుమానమే రాదు. ఎవరైనా ఈ సమస్యతో వస్తే నేను అడిగే మొదటి మాట: రోల్ మధ్యలో లెన్స్ మార్చారా?

టీ, టీఎన్, ఎఫ్‌టీఎన్ మూడూ లెన్స్ పూర్తిగా తెరుచుకుని ఉండగానే కొలుస్తాయి. ఫొటో తీసేటప్పుడు అది ఎంత మూసుకుంటుందో లెక్క కట్టాలంటే, ఈ లెన్స్ గరిష్ఠంగా ఎంత తెరుచుకుంటుందో మీటర్‌కి తెలియాలి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) రింగు మీది చెవుల్లాంటి ముక్క మీరు పెట్టిన అంకెను మాత్రమే అందిస్తుంది. గరిష్ఠం సంగతి మనం చెప్పాల్సిందే. టీ, టీఎన్‌లలో షట్టర్ డయల్ దగ్గర ఫిల్మ్ ఏఎస్ఏను (ఫిల్మ్ వెలుతురుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) లెన్స్ గరిష్ఠ అపెర్చర్ అంకెకు ఎదురుగా నిలపాలి. అదీ లెన్స్ మార్చిన ప్రతిసారీ.

ఒకసారి నేను టీఎన్‌తో స్లయిడ్ ఫిల్మ్ తీస్తూ 50 మి.మీ. 1.4 లెన్స్ (1.4 దాని గరిష్ఠ అపెర్చర్ అంకె) విప్పి 135 మి.మీ. 2.8 తొడిగాను. డయల్ ముట్టుకోలేదు. ఇంకా 1.4 లెన్సే ఉందనుకున్న మీటర్, వెలుతురే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకూ సగం చొప్పున) తగ్గిందని లెక్కేసింది. మిగతా రోల్ అంతా రెండు స్టాపులు ఎక్కువ పడి వెలిసిపోయింది. ఆ రోజు తీసినవి మళ్లీ తీసే అవకాశం లేదు. కలర్ నెగటివ్ ఆ పాటి ఎక్కువను ఓర్చుకుంటుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. 135 నుంచి 50కి వెళ్లి మర్చిపోతే మాత్రం రెండు స్టాపులు తక్కువ పడుతుంది. నీడల్లో ఏమీ మిగలదు.

ఈ బాధ తీర్చడానికే ఎఫ్‌టీఎన్ వచ్చింది. అందులో లెన్స్ తొడిగాక అపెర్చర్ రింగును ఒకసారి చిన్న అపెర్చర్ చివరికీ, మళ్లీ పెద్ద అపెర్చర్ చివరికీ తిప్పితే చాలు. తిప్పాక ఫైండర్ ముందు కింద ఉన్న స్కేలు చూడండి. లెన్స్ గరిష్ఠ అంకె అక్కడ కనబడాలి. తిప్పేవాళ్లు ఉన్నారు గానీ స్కేలు చూసేవాళ్లు తక్కువ. దయచేసి చూడండి, రెండు సెకన్ల పని.

అనుమానం తీరాలంటే ఎండ సమంగా పడే ఒకే రంగు గోడను రెండు లెన్స్‌లతో, ఒకే షట్టర్ వేగంలో కొలవండి. రెండూ ఒకే అపెర్చర్ చెప్పాలి. తేడా వచ్చి, అది సరిగ్గా ఆ లెన్స్‌ల గరిష్ఠ అపెర్చర్‌ల మధ్య ఉన్న తేడాయే అయితే మీటర్‌లో లోపం లేదు. మీరు లెన్స్ సంగతి దానికి చెప్పలేదు, అంతే.

అన్ని లెన్స్‌లతోనూ ఫొటోలు చీకటిగా వస్తాయి

ఎఫ్‌టీఎన్ రెండు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలకు చేసినది. అవి ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు చూపిస్తుంది. ఏఎస్ఏ మార్చి సర్దుకుందామంటే, ఆల్కలైన్ వోల్టేజీ వాడేకొద్దీ పడిపోతుంది, ఆ లెక్క నిలవదు. వినికిడి మెషీన్లలో వేసే 675 జింక్ ఎయిర్ బ్యాటరీలు 1.4 వోల్టులు, దాదాపు సరిపోతాయి. వెడల్పు తక్కువ కాబట్టి చుట్టూ రబ్బరు వాషర్ పెట్టాలి. స్టిక్కర్ తీశాక కొన్ని నిమిషాలు గాలి తగలనివ్వండి. కొన్ని వారాలకే అయిపోతాయి, జత అదనంగా ఉంచుకోండి.

మనిషి వెనక ఆకాశం ఉన్న ఫొటోలే చీకటిగా వస్తుంటే మీది టీ కావచ్చు. అది ఫ్రేమంతటినీ సగటుగా కొలుస్తుంది. టీఎన్ నుంచి 60 శాతం ప్రాధాన్యం మధ్యలోని 12 మి.మీ. వృత్తానికి ఇచ్చారు. టీతో అయితే మనిషి దగ్గరికి వెళ్లి కొలిచి, వెనక్కి వచ్చి తీయాలి. మొదటి ఫొటోమిక్‌తో ఫిల్టర్ పెట్టినప్పుడే చీకటి వస్తుంటే, ఫిల్టర్ తినే వెలుతురును మీరే కలుపుకోవాలి.

ముల్లు ఎగిరెగిరి పడుతుంది

లోపలి రెసిస్టర్ పట్టీ మీద మురికి లేదా అరుగుదల. అపెర్చర్ రింగునూ షట్టర్ డయల్‌నూ ఈ చివరి నుంచి ఆ చివరికి ఓ ముప్ఫైసార్లు తిప్పండి. మురికే అయితే తగ్గుతుంది. అరుగుదలైతే మెకానిక్ చేతికే.

తెగిన తీగ, చచ్చిపోయిన సెల్ (వెలుతురు పట్టే మీటర్ కన్ను) లాంటివి ఉంటాయి గానీ అరుదు. గోడ పరీక్ష చేయకుండా వాటి కోసం ఫైండర్ విప్పకండి.