మీ గుంటడు ఏ ముక్క?

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది చిన్న మొబైల్ రిపేరు కొట్టు. స్క్రీన్ గార్డు మార్చేటప్పుడు పాతదాన్ని ట్యూబులైటు కింద వాల్చి చూస్తాను. ఎడమవైపు కింద గుండ్రంగా అరిగిందంటే ఆ ఇంటి గుంటడు బొటనవేలితో గేములో జాయ్‌స్టిక్కు తిప్పుతున్నాడన్నమాట. పై మూలలు కూడా మసకబారితే నాలుగు వేళ్లతో ఆడుతున్నాడు, గట్టి ఆటగాడే.

"బాబూ, ఆ గేము తీసెయ్" అని తండ్రులు ఫోను చేతిలో పెడతారు. తీసెయ్యడం నిమిషం పని. సాయంత్రానికి వాడు మళ్లీ ఎక్కించేస్తాడు. అందుకే ముందు వాడు ఎందుకు ఆడుతున్నాడో కనిపెట్టండి.

రిచర్డ్ బార్టిల్ అనే ఇంగ్లండు ఆయన 1996లో ఆటగాళ్లను పేకముక్కల్లా నాలుగు రంగులు చేశాడు. ఆయన చూసినవి బొమ్మల్లేకుండా అక్షరాలతో నడిచే ఆన్‌లైన్ ఆటలు. అయినా లెక్క ఇప్పటికీ సరిపోతోంది. డైమను నిధుల కోసం, లెవెళ్ల కోసం ఆడతాడు. ఇస్పేటుకి ఇంగ్లీషులో పార అనే అర్థం ఉంది కాబట్టి వాడు తవ్వి చూసేవాడు. ఆటీను మనుషుల కోసం వస్తాడు. కళావరు అంటే ఇంగ్లీషులో దుడ్డుకర్ర, వాడి సంగతి వేరే చెప్పాలా?

పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. బీజీఎమ్ఐ అనే ఫోను తుపాకీల ఆటలో వందమంది దిగుతారు, మీవాడు ఎప్పుడో చస్తాడు. అప్పుడు చూడండి. ర్యాంకు తగ్గిందా అని వెతికితే డైమను. "ఎవడ్రా నన్ను కొట్టింది?" అంటే కళావరు. చచ్చాక కూడా మైకులో కబుర్లు ఆగకపోతే ఆటీను. చాలామందిలో రెండు రంగులు కలిసే ఉంటాయి లెండి.

మా మేనల్లుడు ఆటీను. గుణుపూరులో హాస్టల్లో ఉంటాడు. క్లాసులో ఒడియా, ఇంగ్లీషు. రాత్రి మైకులో మాత్రం ఇక్కడి స్నేహితులతో మన తెలుగు. ఆ సంగతి తెలీక మా అక్క చెప్పిందని నేనే గేము తీసేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆటీనుకి ఆట మానిపించాలంటే ముందు ఆ స్నేహితులను కలిపే ఏర్పాటు చూడాలి.

డైమను ఉన్న ఇంట్లో ప్లే స్టోరులో కొనుగోలుకి పాస్‌వర్డ్ పెట్టండి, డబ్బు పోయేది అక్కడే. కళావరుని పడుకునే గంట ముందే ఆపించండి, ఓడిన కోపంతో పడుకుంటే నిద్ర పట్టదు. ఎవడైనా సరే, మ్యాచ్ మధ్యలో లాక్కోకండి, "ఇదే ఆఖరిది" అని ముందే చెప్పండి.

ఇస్పేటుని మా కొట్టుకి పంపండి. విప్పి చూసుకోడానికి చెడిపోయిన ఫోన్లు డబ్బా నిండా ఉన్నాయి.