‘పదేళ్ల నుంచి’ అంటే ‘సిన్స్ టెన్ ఇయర్స్’ కాదు

ఇంటర్వ్యూలకి తయారవుతూ నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లల్లో చాలామంది తమ గురించి చెప్పుకోవడం ఇలా మొదలుపెడతారు: ‘ఐ యామ్ లివింగ్ ఇన్ గుంటూర్ సిన్స్ టెన్ ఇయర్స్.’ వాళ్లకి తెలివి లేక కాదు. ‘పదేళ్ల నుంచి గుంటూరులో ఉంటున్నాను’ అని శుభ్రమైన తెలుగులో అనుకుని, దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టేస్తారు. చిక్కంతా ఆ ‘నుంచి’ దగ్గరే ఉంది.

మనం ‘2015 నుంచి’ అంటాం, ‘పదేళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లీషులో ఈ రెండిటికీ వేరువేరు మాటలు. ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఇది: ‘నుంచి’కి ముందున్న మాటని క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి చూపించగలరా? 2015ని చూపించవచ్చు. సోమవారాన్నీ, ఉదయం తొమ్మిదినీ చూపించవచ్చు. ‘పదేళ్లు’ ఎక్కడని చూపిస్తారు? లెక్కపెట్టాల్సిందే. చూపించగలిగితే సిన్స్, లెక్కపెట్టాల్సి వస్తే ఫర్. సిన్స్ 2015, సిన్స్ మండే. ఫర్ టెన్ ఇయర్స్, ఫర్ త్రీ డేస్.

అయితే ఆ మాట ఒక్కటీ మారిస్తే పని సగమే అయినట్టు. ‘ఉంటున్నాను’ అన్నాం కదా అని ‘యామ్ లివింగ్’ అనకూడదు. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న దానికి ‘హావ్ బీన్ లివింగ్’ కావాలి. ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ గుంటూర్ ఫర్ టెన్ ఇయర్స్.’ ఈ వాక్యాన్నే ఊరు మార్చి, పని మార్చి, ఏళ్లు మార్చి పైకి చదవండి. ‘హావ్ బీన్ వర్కింగ్’, ‘హావ్ బీన్ లెర్నింగ్’ అని నోరు తిరగాలి. కళ్లతో చూసి వదిలేస్తే ఇంటర్వ్యూ గదిలో మళ్లీ ‘యామ్’ వచ్చేస్తుంది.

ఇంకా మొదలవ్వని పనికి మాత్రం సిన్స్ పనికిరాదు. ‘సోమవారం నుంచి వస్తాను’ అనాలంటే ‘ఐ విల్ కమ్ ఫ్రమ్ మండే’.

ఎట్, ఆన్, ఇన్ గురించి బడిలో అందరూ విన్నదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. గడియారం టైముకి ఎట్, రోజుకీ తేదీకీ ఆన్, నెలకీ ఏడాదికీ ఇన్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ‘ఇన్ 1956’. నెల చెప్పినా ‘ఇన్ నవంబర్ 1956’. తేదీ వచ్చి చేరిందంటే మాత్రం ‘ఆన్ నవంబర్ 1, 1956’. అలాగే తెలంగాణ ‘ఆన్ జూన్ 2, 2014’. తేదీ ఉన్నప్పుడు పక్కన నెలా ఏడాదీ ఉన్నా లెక్కలోకి రావు. పొద్దున, సాయంత్రం విషయంలోనూ అంతే: ‘ఇన్ ద మార్నింగ్’ అంటాం, రోజు పేరు తగిలిస్తే ‘ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది. రాత్రికి ‘ఎట్ నైట్’. దీన్ని అలాగే గుర్తుపెట్టుకోండి.

టుమారో, యెస్టర్‌డే, లాస్ట్ వీక్, నెక్స్ట్ మండే, దిస్ ఇయర్ ముందు వీటిలో ఏదీ పెట్టకండి. ‘ఆన్ నెక్స్ట్ మండే’లో ఆ ‘ఆన్’ కొట్టేయండి.

ఆఫీసు మెయిళ్లలో అసలు నష్టం జరిగేది బై, టిల్ దగ్గర. ‘ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే’ అని రాస్తే, శుక్రవారం దాకా రిపోర్టు పంపుతూనే ఉండమన్నట్టు. ఇక్కడ మన తెలుగు మనకి బాగా సాయపడుతుంది. మనసులో ‘శుక్రవారం కల్లా’ అనుకుంటే బై, ‘శుక్రవారం దాకా’ అనుకుంటే టిల్. శుక్రవారం కల్లా పంపండి: ‘సెండ్ ఇట్ బై ఫ్రైడే’. శుక్రవారం దాకా ఊళ్లో ఉంటాను: ‘ఐ విల్ బి హియర్ టిల్ ఫ్రైడే’. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లు ముందుగా ఈ ఒక్కటీ సరిచేసుకోవాలని నా కోరిక. గడువు తప్పుగా అర్థమైతే మాట పడేది వాళ్లే.

‘రెండు రోజుల్లో పంపుతాను’ అన్న మాటలోనూ జాగ్రత్త కావాలి. ‘ఇన్ టూ డేస్’ అంటే వినేవాళ్లు రెండు రోజులు గడిచాక వస్తుందనుకుంటారు. ఈ లోపే ఎప్పుడైనా పంపుతాననడానికి ‘విదిన్ టూ డేస్’.

అర్ధరాత్రి బండ్ల సంగతి వేరే చెప్పాలి. మన మాటల్లో ఆదివారం రాత్రి పన్నెండున్నర అంటే ఇంకా ఆదివారం రాత్రే. తెల్లవారితేగాని సోమవారం కాదు. టికెట్ మీద మాత్రం 00:30 అంటే అప్పటికే సోమవారం తేదీ. ‘మై ట్రెయిన్ ఈజ్ ఆన్ సండే నైట్’ అని రాస్తే అవతలివాళ్లు శనివారం దాటిన అర్ధరాత్రే స్టేషన్‌కి రావచ్చు, ఆదివారం రాత్రి తొమ్మిదికీ రావచ్చు. ‘ఎట్ 12.30 ఎ.ఎం. ఆన్ మండే, ద నైట్ బిట్వీన్ సండే అండ్ మండే’ అని రాయండి. బిట్వీన్‌కి జోడీ అండ్, ఫ్రమ్‌కి జోడీ టు. ‘బిట్వీన్ టెన్ టు ట్వెల్వ్’ అనేది మన దగ్గర బాగా పాతుకుపోయింది. ‘బిట్వీన్ టెన్ అండ్ ట్వెల్వ్’ అనండి.

ఇక సెలవు చీటీ. సంక్రాంతికి 13, 14, 15 సెలవు కావాలనుకుందాం. ‘లీవ్ టిల్ 15’ అని ఊరుకుంటే పదిహేనున వస్తారా, పదహారున వస్తారా అని మేనేజర్ మళ్లీ ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది. ఎన్ని రోజులో, ఏ తేదీ నుంచి ఏ తేదీకో, మళ్లీ పనిలోకి ఎప్పుడో మూడూ రాయండి: ‘ఐ రిక్వెస్ట్ లీవ్ ఫర్ త్రీ డేస్, ఫ్రమ్ జనవరి 13 టు జనవరి 15. ఐ విల్ బి బ్యాక్ ఎట్ వర్క్ ఆన్ జనవరి 16.’