ఎస్‌యూ కార్బురేటర్: నట్ జోలికి పోయే ముందు పిస్టన్ చూడండి

మాది పెదవాల్తేరు. షెడ్డులో నాన్నగారి పాత మోరిస్ మైనర్ కారు ఉంది. 1098 సీసీ ఇంజిన్, దానికి పెట్రోల్‌నీ గాలినీ కలిపి అందించే ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బురేటర్. సముద్రపు ఉప్పుగాలికి రెండు నెలలు బండి బయటికి తీయకపోతే చాలు, దాని మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే తీరు) కుదరట్లేదనగానే చాలామంది కార్బురేటర్ కింద, పెట్రోల్ వచ్చే సన్నని గొట్టాన్ని (జెట్) పైకీ కిందికీ జరిపే జెట్ నట్ తిప్పడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. కార్బురేటర్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ (ఇంజిన్ పిస్టన్ కాదు) పట్టేస్తుంటే ఏ సెట్టింగూ నిలవదు.

ముందుగా పిస్టన్ మీద మూతలా ఉండే డోమ్ మీద, బాడీ మీద కలిసేలా ఒక గీత పెట్టుకోండి, మళ్లీ అదే చోట కూర్చోవాలి. పిస్టన్‌ని నిటారుగా తీయండి. దాని అడుగున జెట్‌లోకి దిగే నీడిల్ వంగిందా, కొత్తది వేయాల్సిందే. పిస్టన్‌నీ డోమ్ లోపలి గోడనీ పెట్రోల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఒకసారి బండిని వర్క్‌షాప్‌లో ఇస్తే, శుభ్రం చేస్తున్నామని లోపల ఎమెరీ పేపర్ పెట్టి రుద్దేశారు. ఆ రెండూ ఒకదానికొకటి కొలతగా జత చేసినవి. సందు పెరిగిపోయి జత మొత్తం మార్చాల్సి వచ్చింది. నాన్నగారు నలభై ఏళ్లు కాపాడిన భాగం అది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

జత బాగుందో లేదో తేల్చే పరీక్ష ఇది. పిస్టన్ అడుగున ఉన్న గాలి రంధ్రాలను పిల్లలు ఆడుకునే క్లేతో మూయండి. స్ప్రింగ్ లేకుండా పిస్టన్‌ని డోమ్‌లో పెట్టి, పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డ్యాంపర్‌ని నూనె వేయకుండానే బిగించండి. మొత్తాన్ని తలకిందులు చేసి, పిస్టన్‌ని చేత్తో పట్టుకుని డోమ్‌ని వదలండి. కింద రెండో చెయ్యి సిద్ధంగా ఉంచండి. డోమ్ నెమ్మదిగా జారుతూ పూర్తిగా దిగడానికి 3 నుంచి 5 సెకన్లు పట్టాలి. ఎమెరీ తగిలిన మా జత ఒక్క సెకనులో జారిపోయింది. మరీ ఆలస్యమైతే ఇంకా మురికి ఉన్నట్టే.

క్లే తీసేసి, స్ప్రింగ్‌తో సహా అంతా బిగించాక పిస్టన్‌ని వేలితో ఎత్తి వదలండి. ‘టక్’మని మోగాలి. మోగకపోతే జెట్ మధ్యలో లేదు, నీడిల్ రాసుకుంటోంది. డ్యాంపర్‌లో 20 నంబర్ ఇంజిన్ ఆయిల్ పోయండి. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన.

నట్ సంగతి ఇప్పుడు. పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి 12 పలకలు (నట్‌కి ఉన్న ఆరు పక్కల్లో ఒక్కోటి ఒక పలక), అంటే రెండు చుట్లు కిందికి దించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, పిస్టన్‌ని ఎత్తడానికి పక్కనుండే పిన్నును 0.8 మిల్లీమీటర్ల మేర మాత్రమే ఎత్తి చెవి పెట్టండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), నట్ పైకి. వెంటనే పడిపోతే లీన్ (పెట్రోల్ తక్కువ), నట్ కిందికి. క్షణం పెరిగి కుదురుకుంటే సరిపోయింది. ఒక్కసారికి ఒక్క పలకే తిప్పండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత సెట్టింగ్ లీన్ అవుతుంది. మా బండికి రెండు పలకలు అదనంగా దించాను.

ఆ తర్వాత సింహాచలం కొండెక్కించి, పైన ఇంజిన్ ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తాను. బిస్కెట్ రంగులో ఉంటే నట్ ముట్టుకోను. మసిబారితే ఒక పలక పైకి, తెల్లబడితే ఒక పలక కిందికి.